చేశానా? చేస్తున్నానా?

మా మనవరాలికి సోమవారం ఇంగ్లీషు పరీక్ష. ఆరో తరగతి పిల్లకి పరీక్ష అంటే ఇంటిల్లిపాదికీ పరీక్షే కదా! వాళ్ళమ్మకి శనివారం కూడా ఆఫీసే. వాళ్ళ నాన్న ఊళ్ళో లేడు. తాతగారు పేపరు అడ్డం పెట్టుకుని తప్పించుకున్నారు. చివరికి దొరికింది నేను. మధ్యాహ్నం బెండకాయలు ముందేసుకుని కూర్చున్నానో లేదో, పుస్తకం పట్టుకొచ్చి నా ఎదురుగా చాప మీద చతికిలబడింది.

"నాయనమ్మా, సింపుల్ పాస్టుకీ పాస్ట్ కంటిన్యువస్‌కీ తేడా తెలుసా నీకు?"

తెలుసన్నాను. తెలియదంటే నా పెద్దరికం ఏం కాను? మేమూ హైస్కూల్లో రెన్ అండ్ మార్టిన్ గ్రామరు వల్లెవేసినవాళ్ళమే మరి.

"అయితే ఇంగ్లీషులో చెప్పు. నిన్న నేను స్కూలు నుంచి వచ్చేసరికి నువ్వేం చేస్తున్నావు?"

"ఐ యామ్ ఫోల్డింగ్ ది క్లోత్స్" అన్నాను ఠక్కున.

"తప్పు! ఐ వాజ్ ఫోల్డింగ్! అది నిన్న కదా నాయనమ్మా!" అని చప్పట్లు కొట్టి మరీ నవ్వింది.

పేపరు వెనకాల కూడా ఎవరో నవ్వినట్టు వినిపించింది. ఉడుక్కున్నాను గాని, తర్వాత ఆలోచిస్తే ఆ తప్పు పూర్తిగా నాది కాదనిపించింది. సగం మన తెలుగుది. చూడండి, "ఇప్పుడు బట్టలు మడత పెడుతున్నాను" అంటాం. "నిన్న నువ్వొచ్చేసరికి బట్టలు మడత పెడుతున్నాను" అనీ అంటాం. మాట మారదు. ఎందుకంటే మన "ఉన్నాను" అనే మాటకి నిన్నా ఇవాళా తేడా లేదు. "ఇవాళ ఇంట్లో ఉన్నాను", "నిన్నంతా ఇంట్లోనే ఉన్నాను". రెండింటికీ అదే ఉన్నాను. ఇంగ్లీషువాడికి మాత్రం యామ్ వేరు, వాజ్ వేరు. వాడి దగ్గర నిన్న ఉన్నది ఇవాళ ఉన్నట్టు కాదు. ఇక రోజూ చేస్తూ వచ్చిన పనులకైతే మనకి "చేస్తూ ఉండేదాన్ని" ఉందనుకోండి, అది వేరే సంగతి.

సరే, మనవరాలు నాకు పాఠం మొదలుపెట్టింది. అయిపోయిన పనికి సింపుల్ పాస్టు. ఒక పని సాగుతూ ఉండగా మధ్యలో ఇంకోటి వచ్చి పడితే, సాగుతున్నదానికి పాస్ట్ కంటిన్యువస్, వచ్చి పడ్డదానికి సింపుల్ పాస్టు. "ఐ వాజ్ కుకింగ్ వెన్ ది టెలిఫోన్ రాంగ్." నేను వంట చేస్తుండగా టెలిఫోన్ మోగింది.

"రెండూ సింపుల్ పాస్టే పెడితే ఏం పోతుందే?" అన్నాను.

"అర్థం మారిపోతుంది నాయనమ్మా! ఐ మేడ్ కాఫీ వెన్ షి కేమ్ అంటే ఆవిడ వచ్చింది, అప్పుడు నువ్వు కాఫీ పెట్టావు. ఐ వాజ్ మేకింగ్ కాఫీ వెన్ షి కేమ్ అంటే ఆవిడ వచ్చేటప్పటికే నువ్వు కాఫీ పెడుతున్నావు."

అబ్బో, ఇది గ్రామరులో చిన్న తేడాయేమో గాని సంసారంలో ఎంత పెద్ద తేడా! మొదటిదాంట్లో కాఫీ ఆవిడ కోసం. రెండోదాంట్లో మనకోసం పెట్టుకుంటుంటే ఆవిడ వచ్చింది కాబట్టి ఇంకో గ్లాసుడు నీళ్ళు కలిపాం. ఈ రెండు వాక్యాల మధ్య తేడా మీద ఎన్ని ఇళ్ళల్లో వదినా ఆడబిడ్డల మధ్య మాటలు లేకుండా పోయాయో మీకు తెలియంది కాదు.

అది ఖాళీలు పూరించుకుంటూ పోతోంది. నేను బెండకాయలు తరుగుతూ వింటున్నాను. అన్నీ ఇలాగే ఉన్నాయి. అమ్మ వంట చేస్తుండగా పోస్టుమాన్ వచ్చాడు. అక్క బట్టలు ఉతుకుతుండగా వాన పడింది. నాయనమ్మ నిద్రపోతుండగా దొంగ పడ్డాడు. వింటుంటే ఒక సంగతి నా మనసులో గుచ్చుకుంది. ప్రతి వాక్యంలోనూ కథ పోస్టుమాన్‌ది, వానది, దొంగది. వాళ్ళు వచ్చారు, పడింది, పడ్డాడు. అమ్మా, అక్కా, నాయనమ్మా కథకి వెనకాల గుడ్డలా వేలాడుతున్నారు. వాళ్ళ పని ఎప్పుడు మొదలైందో అక్కర్లేదు, పూర్తయిందో లేదో అసలే అక్కర్లేదు. మధ్యలో ఆగడం కోసమే అది ఉన్నట్టుంది.

మన బతుకు వ్యాకరణం కూడా ఇదే కాదూ?

మావారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "ఇవాళ ఏం చేశావేమిటి?" అని అడిగేవారు. మంచి మనసుతోనే లెండి, తప్పుపట్టాలని కాదు. కాని ఏనాడూ నాకు జవాబు దొరికేది కాదు. పొద్దున్న అయిదు నుంచీ కాలు నిలవలేదు. అయినా "ఏముంది, ఏమీ లేదు" అనేదాన్ని. ఎందుకంటే ఆయన అడిగింది సింపుల్ పాస్టులో. అందులో చెప్పుకోవాలంటే ఒక పని పూర్తయి, ఎదురుగా కనిపించాలి. ఆయన "ఇవాళ నలభై ఫైళ్ళు చూశాను" అనగలరు. నేనేం చెప్పను? గిన్నెలు తోమాను, మళ్ళీ సింకు నిండింది. ఇల్లు ఊడ్చాను, మళ్ళీ దుమ్ము పడింది. వండాను, తిన్నారు. పిల్లాడికి జ్వరం వస్తే తడిగుడ్డ వేశాను, జ్వరం తగ్గింది, గుడ్డ ఆరేశాను. వీటిలో ఏది చూపించి "ఇదీ ఇవాళ నేను చేసింది" అనను? అదే ఆయన "పొద్దుట్నుంచీ ఏం చేస్తూ ఉన్నావు?" అని అడిగి ఉంటే సాయంత్రం దీపాలు పెట్టేవేళ నుంచి రాత్రి భోజనాలదాకా చెప్పేదాన్ని.

గడిచిపోయిన కాలాన్ని ఒక్కో భాష ఒక్కో ప్రశ్న అడుగుతుందేమో. మా నాన్నగారు సంస్కృతం పంతులుగారు. ఆ భాషలో గతానికి మూడు రూపాలని చెప్పేవారు. లఙ్, లిట్, లుఙ్. ఇవాళ జరగని గతానికి లఙ్. ఇవాళ జరగనిదీ, చెప్పేవాడు కళ్ళారా చూడనిదీ అయితే లిట్. మామూలు గతానికి లుఙ్. అంటే పాణిని అడిగేది "ఎప్పుడు జరిగింది? నువ్వు చూశావా?" అని. ఇంగ్లీషువాడు అడిగేది "పని అయిందా, అవుతూ ఉందా?" అని. మొదటిది సాక్షిని అడిగే ప్రశ్న. రెండోది మేస్త్రీని అడిగే ప్రశ్న.

ఈ మాటే మా తమ్ముడితో ఫోనులో అన్నాను. వాడు కాలేజీలో ఫిలాసఫీ చెప్పి రిటైరయ్యాడు. అడగడమే పాపం, గంటసేపు చెప్పాడు. అందులో నాకు అర్థమైనంత మీకూ చెబుతాను.

క్రీస్తుకు పూర్వం 4వ శతాబ్దంలోనే అరిస్టాటిల్ తన మెటాఫిజిక్స్‌లో ఈ తేడా పట్టుకున్నాడట. పనులు రెండు రకాలు. ఒకటి ఇల్లు కట్టడం లాంటిది. కడుతూ ఉన్నంతసేపూ ఇంకా కట్టినట్టు కాదు. కట్టడం పూర్తయ్యాక ఇక కడుతూ ఉండటం ఉండదు. రెండోది చూడటం లాంటిది. చూస్తూ ఉన్నామంటే అప్పటికే చూసినట్టే. దానికి వేరే ముగింపు అక్కర్లేదు. ఆ క్షణానికి అది నిండుగా ఉంది. బాగా బతకడం కూడా ఈ రెండో జాతిలోదేనని అన్నాడట ఆయన. ఈ సంగతినే 1957లో జీనో వెండ్లర్ అనే తత్త్వవేత్త మళ్ళీ తీసుకుని, ఇంగ్లీషు క్రియలన్నిటినీ నాలుగు జాతులుగా విడగొట్టి చూపించాడట.

ఫోను పెట్టేశాక మన మాటలకి పెట్టి చూశాను. "చీర నేస్తున్నాడు" అంటే చీర నేసినట్టు కాదు. మధ్యలో మగ్గం ఆగిపోతే చీర లేదు. "పాప నవ్వుతోంది" అంటే అప్పటికే నవ్వినట్టే. మధ్యలో ఆపేసినా ఆ నవ్వు నవ్వే. భలేగా ఉంది కదూ! ఇంకో సంగతి కూడా తోచింది. అరిస్టాటిల్ చెప్పిన ఆ "చూడటం" నుంచే మన తెలుగులో "చూసుకోవడం" వచ్చింది. అత్తగారిని చూసుకోవడం, పిల్లల్ని చూసుకోవడం, ఇల్లు చూసుకోవడం. ఆ పని ఏనాడూ పూర్తికాదని మనం కుమిలిపోతాం. పూర్తికావడానికి అదేం ఇల్లా, గోడా? చూసుకుంటూ ఉన్నామంటే అప్పటికే చూసుకున్నట్టు. జ్వరం తగ్గినా తగ్గకపోయినా ఆ రాత్రి ఆ తడిగుడ్డ వేసిన చెయ్యి వేసినట్టే.

ఇక్కడితో ఆపేస్తే ఎంత హాయిగా ఉంటుందో! మనం చేసిందంతా మంచి పనే అని చెప్పుకుని, వ్యాసం ముగించి, పొయ్యి మీద పప్పు పెట్టుకోవచ్చు. కాని మనవరాలు ఆపనివ్వలేదు. పుస్తకం చివర, సొంతంగా ఒక వాక్యం రాయమని ఉంది. మధ్యలో వెన్ వచ్చేలా, ఒక పని సాగుతుండగా ఇంకోటి జరిగినట్టు.

"నువ్వొకటి చెప్పు నాయనమ్మా, నిజంగా జరిగింది" అంది.

నేను ఆలోచించకుండానే చెప్పేశాను. "ఐ వాజ్ రైటింగ్ ఎ లెటర్ టు మై మదర్ వెన్ ది టెలిగ్రామ్ కేమ్."

"కరెక్ట్!" అని రైటు కొట్టేసింది. దానికి టెలిగ్రామ్ అంటే ఏమిటో తెలియదు. 2013 జూలైలో మన దేశంలో టెలిగ్రాములు ఆగిపోయాయి. అది అప్పటికి పుట్టనే లేదు.

అది 1984 ఏప్రిల్. మేం నాగపూర్‌లో ఉండేవాళ్ళం. పెద్దవాడికి మూడేళ్ళు, చంటిదానికి ఎనిమిది నెలలు. మా అమ్మ బాపట్లలో ఒక్కతే ఉండేది. నాన్నగారు అంతకు రెండేళ్ళ ముందే పోయారు. అమ్మ దగ్గర్నుంచి ఇన్‌లాండ్ ఉత్తరం వచ్చింది. ఎప్పట్లాగే అంచుల వెంబడి కూడా తిప్పి తిప్పి రాసింది. క్షేమసమాచారాలయ్యాక అసలు సంగతి ఒక్కటే. వేసవికి వస్తున్నావా? వస్తే ఎప్పుడు? ఆవకాయకి ముక్కలు ఇప్పుడే కొట్టించనా, నువ్వొచ్చాక కొట్టించనా?

ఆ రోజే జవాబు మొదలుపెట్టాను. "అమ్మకి నమస్కరించి, మేమంతా క్షేమం. మే నెల మొదటి వారంలో" అని రాశాను. అక్కడ పాలు పొంగాయి. తర్వాత చంటిది లేచింది. ఆ ఉత్తరం తీసి రేడియో కింద పెట్టాను. రోజూ గుర్తొచ్చేది. రోజూ "రాస్తున్నాను కదా" అనుకునేదాన్ని. చూడండి, రాయలేదు అనుకోలేదు. రాస్తున్నాను అనుకున్నాను. ఆ మాటలో ఎంత సుఖం ఉందో! మొదలుపెట్టాను కాబట్టి మధ్యలో ఉన్నాను. మధ్యలో ఉన్నాను కాబట్టి తప్పేం లేదు. అలా తొమ్మిది రోజులు. పదో రోజు టెలిగ్రామ్ వచ్చింది. మదర్ ఎక్స్‌పైర్డ్, స్టార్ట్ ఇమ్మీడియట్లీ. టెలిగ్రాములో మాటకింత అని డబ్బు కదా. వాజులకీ ఇంగులకీ అందులో చోటుండదు. అంతా సింపుల్ పాస్టే.

పిల్లల్ని వేసుకుని, విజయవాడలో బండి మారి, నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. పెరట్లో నూతి గట్టు మీద రెండు జాడీలు కడిగి బోర్లించి ఉన్నాయి. పక్కింటి పిన్నిగారు చెప్పారు, "వారం రోజులుగా పోస్టు వేళకి వీధి అరుగు మీదే కూర్చుంటోందమ్మా. నీ ఉత్తరం వస్తే గాని ముక్కలు కొట్టించనంది" అని.

అరిస్టాటిల్ చెప్పిన రెండు జాతులూ ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నాయి. మా అమ్మ ఎదురుచూస్తూ ఉంది. అది చూడటమే. నా ఉత్తరం అందినా అందకపోయినా ఆ చూపులో ప్రేమకి లోటేం లేదు. ప్రతి పూటా అది నిండుగానే ఉంది. నేను ఉత్తరం రాస్తూ ఉన్నాను. అది ఇల్లు కట్టడం లాంటిది. సగం గోడల కింద ఎవరూ కాపురం చెయ్యలేరు. సగం ఉత్తరాన్ని ఎవరూ చదువుకోలేరు. నా మనసులో ఉన్న ప్రేమ సంగతంటారా? ఉంది, నేను కాదనను. కాని వీధి అరుగు మీద కూర్చున్న మనిషికి అది ఎలా కనిపిస్తుంది?

అందుకని నాకు తోచిన న్యాయం ఒకటి చెబుతాను. మీకు నచ్చితే ఉంచుకోండి, లేకపోతే పోనివ్వండి. ఎదుటివాళ్ళ లెక్క చూసేటప్పుడు పాస్ట్ కంటిన్యువస్‌లో చూడాలి. మన లెక్క చూసుకునేటప్పుడు సింపుల్ పాస్టులో చూసుకోవాలి. మనం సాధారణంగా చేసేది దీనికి తలకిందులు. మనం చెయ్యనివాటికి "చేస్తూనే ఉన్నాను, ఇంతలో" అని మొదలుపెడతాం. ఎదుటివాళ్ళని మాత్రం "చేశావా, లేదా? ఒక్కటే చెప్పు" అని నిలదీస్తాం. కోడలు స్టవ్ కట్టేయలేదంటే కట్టేయలేదంతే. అప్పుడు దాని ఒళ్ళో పిల్ల ఏడుస్తూ ఉందా, ఆఫీసువాళ్ళు ఫోనులో తరుముతూ ఉన్నారా అన్నది మనకి అక్కర్లేదు. అదే మన చేతిలో పాలు పొంగితే దాని వెనక ఒక రామాయణం ఉంటుంది.

మీరు అడగొచ్చు. మరి ఇంత చాకిరీ చేసే ఆడవాళ్ళని పట్టుకుని, నీ లెక్క కూడా కఠినంగా చూసుకోమంటే ఏం న్యాయం అని. నిజమే. చూసుకోవడం లాంటి పనుల్లో మన మీద మనకి కఠినం అక్కర్లేదు. అవి చేస్తూ ఉంటే చేసినట్టే. ఎవరైనా "రోజంతా ఏం చేశావు?" అంటే తల దించుకోనక్కర్లేదు. కాని కొన్ని పనులుంటాయి. ఒక ఉత్తరం, ఒక క్షమాపణ, పుచ్చుకున్న డబ్బు తిరిగివ్వడం, మాట ఇచ్చి వెళ్ళకపోయిన ఇల్లు. అవి పూర్తయితేనే ఉన్నట్టు. వాటిని చూసుకోవడాల కింద దాచేయకూడదు. ఏ పని ఏ జాతిదో తెలుసుకోవడంలోనే ఉంది వివేకమంతా.

పుణెలో ఉన్న మా అమ్మాయి, అప్పటి ఆ చంటిదే, పదిహేను రోజులకోసారి ఫోను చేసి "చేద్దామనుకుంటూనే ఉన్నానమ్మా, ఇంతలో" అంటుంది. ఇదివరకు ఆ మాటకి నాకు చురుక్కుమనేది. "ఆహా, అలాగే లే" అని పొడిగా అనేదాన్ని. ఇప్పుడు ఆ "ఇంతలో" తర్వాత ఏం చెబుతుందో వింటున్నాను. వింటే తెలుస్తోంది, దానికీ రోజూ పాలు పొంగుతూనే ఉన్నాయని.

మనవరాలు పుస్తకం మూసి, ఎందుకో ఆగి అడిగింది.

"నాయనమ్మా, తర్వాత ఆ ఉత్తరం పూర్తిచేశావా?"

"లేదే."

"అయితే ఐ రోట్ ఎ లెటర్ అనకూడదు."

"అనకూడదు" అన్నాను.

అది ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. బెండకాయలు తరగడం అయిపోయింది. తెనాలిలో మా పెద్దవదిన ఉంది. అన్నయ్య పోయాక ఒక్కతే ఉంటోంది. దసరా నుంచీ ఆవిడకి ఫోను చేద్దామనుకుంటున్నాను. రోజూ గుర్తొస్తూనే ఉంది. కత్తిపీట పక్కకి జరిపి, చెయ్యి కడుక్కుని, కూర పొయ్యి మీద వెయ్యకుండానే లేచాను.

ఫోను చేశాను.